ఆరో గిన్నె

(ఫార్మసీ విభాగం సెమినార్ హాల్లో, తన పదవీ విరమణ సభలో ప్రొఫెసర్ అరుంధతి మాట్లాడిన మాటలు)

సభామర్యాద ప్రకారం ముందు అధ్యక్షులవారికి చెప్పాలి కాబట్టి, మన ప్రిన్సిపాల్ నరహరి గారికి నమస్కారం. ఆయన పక్కన కూర్చున్న మా విభాగాధిపతి కమలాకర్ గారికి, ఒకప్పుడు నా దగ్గరే పీహెచ్‌డీ చేసి ఈవేళ నాకే శాలువా కప్పినవారికి, ఆయనకూ నమస్కారం. తోటి అధ్యాపకులకు, ఆఫీసువాళ్లకు, విద్యార్థులకు, మా తార్నాక కాలనీ నుంచి వచ్చిన ఇరుగుపొరుగులకు, నేనింకా నోరు తెరవకముందే ముందు వరసలో కూర్చుని 'తొందరగా ముగించు' అని చేత్తో సైగ చేస్తున్న మా వారు ఉమాపతి గారికి నమస్కారం. (నవ్వులు) చివరి వరసలో, గుమ్మం పక్కన, మౌలాలి నుంచి బస్సెక్కి వచ్చి కూర్చున్న వెంకటనర్సయ్య గారికి మాత్రం విడిగా నమస్కారం. ఆయనెవరో కొత్త పిల్లలకు తెలియదు. ముప్ఫయ్యొక్క ఏళ్లు మన ల్యాబ్‌లో టెక్నీషియన్. ఏడేళ్ల క్రితం రిటైరయ్యారు. ఆయనకు ఇలాంటి సభ పెట్టలేదు, శాలువా కప్పలేదు. టీ ఇచ్చి, రెండు సమోసాలు చేతిలో పెట్టి పంపించేశాం. ఆ పంపించినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇప్పటిదాకా తొమ్మిదిమంది మాట్లాడారు. తొమ్మిదిమందీ ఒకే మాట చెప్పారు, మేడంకు కోపం ఎక్కువేగానీ మనసు వెన్న అని. వెన్నా లేదు, నెయ్యీ లేదు. నాకు కోపం వచ్చినప్పుడు లోపల ఉండేది కూడా కోపమే. (నవ్వులు) ఈవేళ కూడా అదే ఉంది. శాలువా కప్పుకుని కోప్పడితే ఉక్కపోస్తుందని తీసి కుర్చీ మీద పెట్టాను, కమలాకర్ గారు ఇంకోలా అనుకోవద్దు. అనుకున్నా పర్వాలేదు, మరో పది నిమిషాల్లో అనుకోవలసినవి ఇంకా చాలా వస్తాయి.

మా కాలనీవాళ్ల కోసం ముందు ఒక్క ముక్క చెప్పాలి. పాపం వాళ్లు ఇన్నేళ్లూ అరుంధతి గారు మాత్రలు తయారుచేస్తారట అనుకుని, తలనొప్పి వచ్చినా తుమ్ము వచ్చినా మా గుమ్మం ఎక్కారు. నేను చేసే పని అది కాదమ్మా. మాత్ర మింగితే సరిపోదు, అది లోపల కరగాలి, కరిగితేనే రక్తంలో కలుస్తుంది. ఈ రోజుల్లో వస్తున్న మందుల్లో చాలామటుకు నీళ్లను చూస్తే మొహం తిప్పుకునేవే. పూజ గదిలో కర్పూరం బిళ్ల తీసి నీళ్లలో వేసి చూడండి, తేలుతూ కూర్చుంటుంది తప్ప కరగదు. అలాంటి మందు ఎంత గొప్పదైతే ఏం లాభం, వచ్చిన దారినే వెళ్లిపోతుంది. అందుకని మేం దాన్ని కంటికి ఆనని రేణువులుగా నలగ్గొట్టి, నీళ్లంటే ఇష్టపడే ఇంకో పదార్థంతో కలిపి, వేడిగాలిలోకి పిచికారీ కొట్టి ఆరబెడతాం. పటికబెల్లం గడ్డకీ దంచిన పొడికీ ఉన్న తేడా మీ అందరికీ వంటింట్లోనే తెలుసు. మేం చదివింది అదే, కాకపోతే దానికి ఇంత బిల్డింగు కట్టుకున్నాం.

మరి కరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది? అందుకు ఒక యంత్రం ఉంది. ఆరు గాజు గిన్నెలు, వాటిలో మన ఒంటి వేడికి కాచిన నీళ్లు, ఒక్కో గిన్నెలో ఒక్కో తెడ్డు. ఆరు మాత్రలు వేసి, తెడ్లు తిప్పి, అరగంటకు ఎంత మందు కరిగిందో కొలిచి, ఆరింటి సగటు రాస్తారు. లోకంలో అంతా అలాగే రాస్తారు. మన విభాగంలో మాత్రం ఐదింటి సగటే రాస్తాం. అదిగో, వెనక పిల్లలు అప్పుడే నవ్వుతున్నారు. నవ్వండి, మీకు తెలుసుగా. ఇక్కడ చేరిన మొదటి రోజే సీనియర్లు జూనియర్ల చెవిలో ఊదే మంత్రం, 'ఆరో గిన్నె వదిలెయ్' అని. ఐదు గిన్నెల్లో ఎనభై ఐదు శాతం కరిగితే ఆరో గిన్నెలో అరవై దాటదు, కాబట్టి ఆరోది పాడు గిన్నె. ఏటా కంపెనీ నుంచి మనిషి వస్తాడు, టీ తాగుతాడు, 'ఆ చివరిది మీకు తెలిసిందేగా' అని నవ్వి, యంత్రం అంతా బాగుందని స్టిక్కర్ అంటించి పోతాడు. మొదటి నాలుగేళ్లూ ఆ స్టిక్కర్ కింద సంతకం నాది.

ఈ ఆచారం ఎలా పుట్టిందో చెప్పమంటారా? మా వారు వద్దంటున్నారు. నేను చెబుతాను.

పదకొండేళ్ల క్రితం పాత బిల్డింగు నుంచి ఈ పై అంతస్తుకు మారాం. యంత్రాన్ని తాళ్లు కట్టి మెట్ల మీదుగా లాక్కొచ్చారు. వచ్చిన వారానికే ఆరో గిన్నెను నేనే కడుగుతూ చేయి జార్చి పగలగొట్టాను. కొత్త గిన్నె వచ్చింది. దాన్ని బిగించడానికి వెంకటనర్సయ్య గారు రెండు రోజులు తీసుకున్నారు. నాకప్పుడు ఒళ్లు మండిపోయింది, గిన్నె పెట్టడానికి రెండు రోజులేమిటని. ఆయన వాళ్ల పెద్దమ్మాయి పెళ్లి శుభలేఖ అట్టని గిన్నె మూతికి సరిపోయేలా గుండ్రంగా కత్తిరించి, నట్టనడుమ చిల్లు పొడిచి, ఆ చిల్లులోంచి తెడ్డు కాడ అటూ ఇటూ తాకకుండా దిగేదాకా గిన్నెను సర్దుతూ కూర్చున్నారు. సర్దేశాక అదే అట్ట తక్కిన ఐదు గిన్నెల మీదా పెట్టి చూశారు. ఒక్కదాంట్లోనూ కాడ దిగలేదు. మెట్ల మీద లాగినప్పుడు పైపలక వంగింది, ఐదు తెడ్లూ నడుమ నుంచి జరిగిపోయాయి. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు:

"మేడం, గీ ఒక్కటి సీదా అయింది. మిగిలిన ఐదు గూడ సీదా చెయ్యమంటరా?"

నేనేమన్నానో ఆయనకు గుర్తుండే ఉంటుంది. నాకైతే ప్రతి అక్షరం గుర్తుంది. "కదిలించకు నర్సయ్యా, పాత రీడింగులతో కలవవు" అన్నాను. జర్నల్‌కి పేపర్ పంపడానికి పది రోజుల గడువుంది నాకు, అందులో అంకెలన్నీ ఇక్కడికి మారిన వారంలో తీసినవే. యంత్రం సరిగా ఉందా అన్నది కాదు నా బాధ, నిన్నటి అంకెతో ఇవాళ్టి అంకె కలవాలి, అంతే. ఇది దొంగ చేసే తప్పు కాదు, చదువుకున్నవాళ్లు చేసే తప్పు. ఆయన మళ్లీ అడగలేదు. అట్టని సొరుగులో పెట్టి, వెనక తేదీ వేసి, తన పని తాను చూసుకున్నారు.

తెడ్డు కాస్త పక్కకు జరిగితే ఏమవుతుందంటారా? టీ గ్లాసు అడుగున చక్కెర కుప్పగా కూర్చుంటుంది చూడండి. చెంచాని సరిగ్గా నడుమే తిప్పితే ఆ కుప్ప కదలదు. పక్కకు వంచి తిప్పితే చెదిరిపోయి గబగబా కరిగిపోతుంది. మన వంకర గిన్నెల్లో మందు అలాగే కరిగింది. గొప్పతనం మా రేణువులది కాదు. ఆ ఆరింటిలో నిజం చెబుతున్నది ఆరో గిన్నె ఒక్కటే, తక్కిన ఐదూ కలిసికట్టుగా అబద్ధం చెబుతున్నాయి, ఐదుగురు ఒకటి చెబితే ఒక్కడు పిచ్చివాడని మనం తేల్చేశాం. ఆ ఎనభై ఐదు శాతం అంకెతోనే నా పేపర్ అచ్చయింది. దాంతోనే నన్ను ప్రొఫెసర్ని చేశారు. ఇందాక నరహరి గారు సన్మాన పత్రంలో చదివిన ఆ 'అపూర్వమైన ఫలితం' అదేనండి. మీరు చదువుతున్నప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఈ పూలదండ వెనక పెట్టుకున్నాను. (నవ్వులు) కమలాకర్ థీసిస్‌లోనూ ఐదు గిన్నెలే. అది సరిగ్గా ఉందని సంతకం పెట్టిన గైడ్‌ని నేనే.

ఇక వనజ సంగతి. లే వనజా, ఒకసారి నిలబడు, అందరూ చూడనీ. వారాసిగూడలో ఒక్క గది అద్దెకు తీసుకుని, అమ్మని దగ్గర పెట్టుకుని చదివిన పిల్ల. నా ఆఖరి స్టూడెంట్. ఈమె పని చేసింది నేను పేపర్ రాసిన మందు మీదే, ఫిట్స్ మందు. ఆరేళ్ల క్రితం వచ్చిన మొదటి నెలలోనే ఆరు గిన్నెల అంకెలూ రాసి నా బల్ల మీద పెట్టింది. నేను ఎర్ర పెన్నుతో ఆరోది కొట్టేశాను. మర్నాడు మళ్లీ ఆరూ రాసి తెచ్చింది. మళ్లీ కొట్టేశాను. మూడోసారి అరిచాను. మీ అందరికీ తెలుసు నా అరుపు, కింద అంతస్తులో స్టోర్స్ వాళ్లు కూడా విన్నారట. ఇంత మాత్రం తెలియకుండా ఎలా వచ్చావు, అందరూ గుడ్డివాళ్లు, నువ్వొక్కదానివే కళ్లున్నదానివా అని నానా మాటలూ అన్నాను. ఆమె తల వంచుకుని అంతా విని, అప్పుడు అడిగింది:

"మేడం, మా అమ్మ ఇరవై ఏండ్ల సంది గీ మందే మింగుతున్నది. మా అమ్మ కడుపుల ఏ గిన్నె ఉన్నదో ఎట్ల తెలుస్తది?"

బయటికి పొమ్మన్నాను. వాళ్లమ్మ ప్రమీలమ్మ గారు అదిగో, కిటికీ పక్కన కూర్చున్నారు. అమ్మా, మీ అమ్మాయిని ఆ రోజు బయటికి పొమ్మన్నందుకు మీ ఎదుట క్షమించమని అడుగుతున్నాను. ఆమెను అడిగితే 'అయ్యో మేడం' అంటుంది, ఇంకేం అనదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

వారం తర్వాత ఈ పిల్ల సొరుగులు సర్దుతూ ఆ శుభలేఖ అట్ట పట్టుకుంది. ఇదిగో, నా బ్యాగ్‌లో ఉంది, చూడండి. మూల పసుపు మరక ఇంకా పోలేదు. నన్ను ల్యాబ్‌లోకి పిలిచి, ఆరో గిన్నె మీద అట్ట పెట్టింది. కాడ దిగింది. ఐదో దాని మీద పెట్టింది. దిగలేదు. నాలుగో దాని మీద నేనే పెట్టాను. అక్కడి నుంచే వెంకటనర్సయ్య గారికి ఫోన్ చేశాను. ఆయన నన్నొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. గా అట్ట ఇంక ఉన్నదా మేడం, మా పెద్దబిడ్డ పెండ్లిది అని సంతోషపడ్డారు.

సరే, తప్పు తెలిసింది, దిద్దుకోవాలి కదా? ఒక రెంచి, ఒక పూట పని. కమలాకర్ గారు అప్పటికి ఏడాదిగా నా బదులు యంత్రం బాధ్యత చూస్తున్నారు. ఆయన ముట్టుకోవద్దన్నారు. కొత్త యంత్రం వచ్చేదాకా ఎలా ఉందో అలాగే ఉండాలట, ఇప్పుడు కదిలిస్తే పాత రీడింగులతో కలవవట. కమలాకర్, నిజం చెప్పు, ఈ మాట నీకెవరు నేర్పారు? నేనే నేర్పాను. నేర్పినదంతా మర్చిపోయి ఈ ఒక్క ముక్క మాత్రం భద్రంగా దాచుకున్నావు. (నవ్వులు) నవ్వకండి, ఇది నవ్వే సంగతి కాదు.

అప్పుడు వనజ ఏం చేసిందో తెలుసా? ఆరు గిన్నెల్లో ఒక్కసారి చేసే పరీక్షని ఒక్క ఆరో గిన్నెలోనే ఆరుసార్లు చేసింది. ప్రతి పరీక్షా ఆరుసార్లు. మూడేళ్లలో అయ్యే పని ఆరేళ్లయింది. రేణువులు నలగ్గొట్టే పద్ధతి మార్చింది, కలిపే పదార్థం మార్చింది, అరవై దగ్గర మొదలుపెట్టి, సరైన గిన్నెలో, సరైన తెడ్డు కింద డెబ్భై తొమ్మిది శాతం కరిగించింది. అది నా ఎనభై ఐదు కన్నా ఎంత పెద్ద అంకో ఈ హాల్లో ఫార్మసీ చదివిన ప్రతివాళ్లకీ తెలుసు. థీసిస్ పరిశీలించే కమిటీవాళ్లకీ తెలుసు. అయినా ఏం రాశారు? గైడ్ పేపర్‌లో ఎనభై ఐదు వచ్చింది, స్టూడెంట్‌కి డెబ్భై తొమ్మిదే వచ్చింది కాబట్టి పనిలో లోపం ఉందని. ఒకే గిన్నెలో చేసిన లెక్క చెల్లదు, ఆరోది వదిలేసి తక్కిన ఐదింట్లో మళ్లీ చేసుకురమ్మని. నా అబద్ధాన్ని కొలబద్ద చేసి ఈ పిల్ల నిజాన్ని కొలిచారు! సిగ్గుగా లేదూ? నాకుంది. అందుకే అరుస్తున్నాను.

కమలాకర్ నాతో విడిగా ఒక మాట అన్నాడు. అది కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. మేడం, వనజ థీసిస్ బయటికి వెళితే పదకొండేళ్లలో ఇక్కడ డిగ్రీ తీసుకున్న ప్రతివాళ్ల పని మీదా వేలు పెడతారు, వాళ్లు ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పిల్లాపాపలతో ఉన్నారు, వాళ్లని రోడ్డున పడేస్తారా అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, నటన కాదు. నాకూ రెండు రోజులు అన్నం సయించలేదు. కానీ నాయనా, వాళ్ల తప్పేముంది, చెప్పినట్టు చేశారు. చెప్పింది నేను. వేలు పెట్టాల్సి వస్తే ముందు నా మీద పెట్టమను. ఈవేళ పొద్దున తార్నాక పోస్టాఫీసుకు వెళ్లి జర్నల్ వాళ్లకు ఉత్తరం రిజిస్టర్ చేసి వచ్చాను, ఆ పేపర్ తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను, కారణం ఇదీ అని. ఈమెయిల్ కూడా చేశాను, కానీ ఉత్తరం చేత్తో రాయాలనిపించింది. నరహరి గారూ, ఆ సన్మాన పత్రంలో మూడో పేరా కొట్టేయండి. ఫ్రేము కట్టేశారు కాబట్టి కుదరదంటే, అద్దం మీదే కొట్టేసుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆఫీసు సూపరింటెండెంట్ యోహాను గారూ, ఆ ఫైల్ తెచ్చారా? రండి, పైకి రండి. ఇది వనజ థీసిస్ పంపించే ఫారం. రెండు సంతకాలు కావాలి, గైడ్‌ది, హెడ్‌ది. నాది పడి పదకొండు వారాలైంది. రెండోది ఖాళీగా ఉంది. ఈవేళ ఐదింటికి నా ఉద్యోగం అయిపోతుంది. ఆలోగా ఇది కదలకపోతే రూలు ప్రకారం వనజకు కొత్త గైడ్ వస్తారు, ఆరేళ్ల పనీ పక్కన పెట్టి ఐదు గిన్నెల్లో మళ్లీ మొదలుపెట్టాలి. ఆ కొత్త గైడ్ ఎవరో ఆర్డర్ కూడా టైపయింది, యోహాను గారు నా మొహం చూడలేక తల తిప్పుకుని చెప్పారు. కమలాకర్ గారే. గడియారంలో నాలుగూ నలభై అయింది. అందుకే నేను చివర్లో మాట్లాడతానన్నాను, వినయం వల్ల కాదు.

ఉమాపతి గారూ, ఇక సైగలు చేయకండి, నేను దిగను. ఈ సంతకం పడేదాకా నేను సభకు సెలవు చెప్పను, నేను చెప్పకపోతే సభ ముగియదు, నరహరి గారు వందన సమర్పణ చేయలేరు, మీకెవరికీ టిఫిన్ పొట్లాలు రావు. (నవ్వులు)

కమలాకర్. గారూ గీరూ తీసేస్తున్నాను. నువ్వు చేరిన రోజు వానలో తడిసి వచ్చి ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డావు, సర్టిఫికెట్లు మాత్రం చొక్కా లోపల పొడిగా దాచుకుని. నేనప్పుడే అనుకున్నాను, ఈ పిల్లాడికి ఏది కాపాడుకోవాలో తెలుసు అని. నీ థీసిస్‌లో ఐదు గిన్నెల కింద సంతకం పెట్టింది నేను. తెలిసి పెట్టాను, నీకు తెలియనివ్వలేదు. ఆ తప్పు నాది, నీది కాదు. కానీ ఇప్పుడు నీకు తెలుసు. ఇప్పుడు పెట్టకపోతే అది నీదవుతుంది. నన్ను తిట్టుకో, రేపు నా పేరు బోర్డు మీద నుంచి తీసేయించు, ఆ పిల్ల అన్నం మాత్రం లాక్కోకు. ఇదిగో ఫారం. ఇదిగో పెన్ను.

(కమలాకర్ లేచి వేదిక మధ్యకు వచ్చారు. అట్టని చేతిలోకి తీసుకుని, వెనక ఉన్న తేదీ చూసి, ఫారం మీద సంతకం చేశారు. యోహాను ముద్ర వేశారు.)

చూశారా, యోహాను గారు ముద్ర కూడా జేబులో పెట్టుకొచ్చారు. చల్లగా ఉండండి బాబూ. కమలాకర్, ఆ అట్ట నీ దగ్గరే ఉంచుకో. వనజా, ఏడవకు, కళ్లు తుడుచుకుని యోహాను గారితో పరుగెత్తు, ఫైళ్లు తీసుకునే ఇన్‌వార్డ్ సెక్షన్ ఐదింటికి ముందే తలుపు మూసేస్తుంది. పో, నేను చూసుకుంటాను ఇక్కడ.

ఇక కృతజ్ఞతలు. నన్ను ముప్ఫై నాలుగేళ్లు భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. అరిచిన ప్రతిసారీ నేనే కరెక్టని అనుకోనిచ్చారు, అది మాత్రం మీరు చేయాల్సింది కాదు. నా కోపం తగ్గలేదు, తగ్గుతుందని ఎదురుచూడకండి. మా ఇల్లు ఇక్కడికి పది నిమిషాల నడక, ఆ యంత్రం ఎలా ఉందో చూడటానికి వస్తూనే ఉంటాను.

వెళ్లేముందు ఒకే ఒక్క బాకీ మాట. వెంకటనర్సయ్య గారూ, కాస్త లేస్తారా? పదకొండేళ్ల క్రితం మీరు నన్ను ఒక మాట అడిగారు. సరైన జవాబు అప్పుడు చెప్పలేదు. ఇంకా పదిహేను నిమిషాలు ఈ ల్యాబ్ నాదే, హెడ్ గారు ఇప్పుడు వద్దనరు, అట్ట కమలాకర్ చేతిలో ఉంది, రెంచి రెండో సొరుగులోనే ఉంది.

చేయండి నర్సయ్య గారూ. మిగిలిన ఐదు కూడా సీదా చేయండి.

సెలవు.